కోత నిలువున, కొలత అడ్డంగా

స్థలం: అనకాపల్లిలో ఒక ఆఫీసు గది. ఏ శాఖదో అడగొద్దు, ఈ పని ఏ శాఖదో తేలకపోవడమే కథ. పాత్రలు నలుగురు: శారదా నది ఒడ్డున కాస్త చెరకు ఉన్న అర్జీదారుడు, సీట్లో గుమాస్తా గారు, కాంట్రాక్టరు, ప్రకృతి ప్రేమికుడు. నిజం మనుషులు కారు కాబట్టి పేర్లు పెట్టలేదు. పిలవని పేరంటంలా మధ్యలో దూరే వ్యాసకర్త ఐదోవాడు.

అర్జీదారుడు: దండాలు బాబూ. ఏరు మా ఒడ్డు తినీస్తంది. వట్టేరు పాతి, ఎదురు ఏసి, కింద నాలుగు వరసలు రాయి పేర్సుకుంటాను. సొంత డబ్బే. పర్మిషనిప్పించండి.

గుమాస్తా: సొంత డబ్బా! అక్కడే వచ్చింది చిక్కు. ప్రభుత్వ డబ్బయితే ఎస్టిమేటు ఉంటుంది, ఎస్టిమేటుంటే హెడ్డుంటుంది, హెడ్డుంటే ఫైలు ఎటు నడవాలో దానికే తెలుస్తుంది. అయినా చూడవయ్యా, నది హద్దు నుంచి పట్టణంలో 50 మీటర్లు, పట్టణం బయట 100 మీటర్లు బఫరు. 2017 బిల్డింగ్ రూల్స్. అందులో కట్టడం కూడదు.

అర్జీదారుడు: కట్టడం కాదు బాబూ, గడ్డి.

గుమాస్తా: గడ్డి కింద రాయి అన్నావు. రాయి మీద రాయి పడితే కట్టడమే. జలవనరుల వాళ్ళ ఎన్వోసీ, రెవెన్యూ వాళ్ళ స్కెచ్చి, రాయికి గనుల శాఖ బిల్లు, పంచాయతీ తీర్మానం. నాలుగూ పట్టుకొస్తే ఐదోది చెబుతాను.

అర్జీదారుడు: మరి మా దిగువన రాత్రేళ ఇసక తోలీసుకుంటన్న ట్రాక్టర్ల మాటేటి బాబూ?

గుమాస్తా: వాళ్ళు అర్జీ పెట్టుకోలేదు. పెట్టుకోని అర్జీని తిరస్కరించే అధికారం నాకు లేదు.

వ్యాసకర్త: వెటకారంలా వినిపించినా గుమాస్తా గారి మాటలో అబద్ధం లేదు. అనుమతి అన్నది తలుపు తట్టినవాణ్ణే ఆపగలదు, గోడ దూకినవాడు దానికి కనబడడు. అందుకే ఒడ్డుకి మట్టి నిలబెడతానన్నవాడు ఆఫీసులో నిలబడ్డాడు, అడుగు నుంచి ఇసుక తీసేవాడు ఏట్లో ఉన్నాడు. ఇందులో నష్టమెంతో తెలియాలంటే ఒడ్డు ఎలా పడుతుందో దగ్గరగా చూడాలి. ఏటి వార పొలాల్లో తరచు కనబడేది పైన కొన్ని అడుగుల బంకమన్ను, దాని కింద ఇసుక పొర. వరద నిండుగా ఉన్నప్పుడు ఒడ్డుకి నీళ్ళే దన్ను. పడేది ఎక్కువగా నీళ్ళు తీసే రోజున. నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది, ఎదురుదన్ను పోతుంది. లోపల ఇంకిన నీరు కింది పొరలోంచి ఊరుతూ ఇసుకని కూడా వెంట తీసుకుపోతుంది. పైన బంకమన్ను చూరులా వేలాడుతుంది, చెరకు వేళ్ళు గాలికి ఊగుతుంటాయి. పొలంలో ఒడ్డు పొడుగునా వేలు పట్టేంత పగులు పాకుతుంది. చివరికి ఆ చూరు బెల్లం దిమ్మ విరిగినట్టు ఒక్క ముక్కగా నీళ్ళలో కూర్చుంటుంది.

ఇప్పుడు ఏటి అడుగు ఒక మీటరు దిగిందనుకోండి. ఒడ్డు ఉన్నచోటే ఉన్నా, దాని ఎత్తు ఒక మీటరు పెరిగినట్టే, దాని కాలు మాత్రం ఊడినట్టే. పైగా ఇసుక కోసం తవ్విన గొయ్యి తవ్వినచోటే ఉండిపోదు. ప్రవాహం దాని ఎగువ అంచుని కోసుకుంటూ పైకి నడుస్తుంది, అందుకని తవ్వింది ఒకచోట, పొలం పోయేది ఇంకోచోట. దీనికి తోడు దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం, శారదలో కలిసే బొడ్డేరు మీద కోనాం జలాశయం కొండల నుంచి దిగే ఇసుకలో చాలా భాగాన్ని తమ కడుపులోనే ఉంచుకుంటాయి. పైనుంచి రాబడి తగ్గింది, కింద ఖర్చు పెరిగింది. అలాంటి సంసారం దేన్ని అమ్ముకుంటుందో ఏరూ దాన్నే అమ్ముకుంటోంది: ఒడ్డుని. బఫరుని మనం అడ్డంగా 50, 100 అని కొలుస్తున్నాం, కోత నిలువునా అడుగు నుంచి వస్తోంది. అర్జీ ఫారంలో ఏటి అడుగు ఎంత దిగిందన్న గడి వెతికినా దొరకదు.

కాంట్రాక్టరు: గురువుగారూ, గడ్డీ గాదం ఏంటండీ! ఈ వంపు నుంచి ఆ వంపు దాకా కాంక్రీటు గోడ లేపేద్దాం. ముప్పై ఏళ్ళు తిరిగి చూడక్కర్లేదు. పునాదికి తవ్విన ఇసుక ఎక్కడో పారబోయాలంటారా, ఆ బాధేదో నేను పడతాను.

గుమాస్తా: దీనికి హెడ్డుంది.

ప్రకృతి ప్రేమికుడు: గోడా వద్దు, గడ్డీ వద్దు! ఒడ్డుని కొయ్యడం, మేట వెయ్యడం నది స్వభావం. మనిషి చెయ్యి పడకూడదు.

వ్యాసకర్త: అయ్యా, తమరుండేది విశాఖలో, ఎనిమిదో అంతస్తులో. కుళాయిలో వచ్చే నీళ్ళలో రైవాడ వాటా ఉంది. ఆ కుళాయి తిప్పినప్పుడే శారద మీద తమరి చెయ్యి పడింది. అంతమాత్రాన తమరి మాట కొట్టిపారెయ్యను, ఎందుకంటే సగం నిజం. వంపు బయటి ఒడ్డు కోసుకుపోవడం, లోపలి ఒడ్డున మేట పడటం నదికి ఊపిరి లాంటివి. అందుకు జాగా వదలడానికే బఫరు ఉండాలి. ఇళ్ళూ అపార్టుమెంట్లూ ఏట్లోకి దిగకుండా పెట్టిన ఆ రూలు తప్పు కాదు, బఫరుని పచ్చగా ఉంచమని కూడా ఆ రూలే చెబుతోంది. కానీ పైన ఆనకట్ట, కింద గొయ్యి పెట్టాక నదిని దాని మానాన వదిలేద్దామనడం, కాళ్ళు కట్టేసి పరుగెత్తమనడమే. కాంట్రాక్టరు గారి గోడకి అసలు ఆ సగం నిజం కూడా లేదు. నున్నటి గోడ పక్కన నీరు వేగం పుంజుకుంటుంది. ఆ ఉరవడి గోడ కాలి కింద తవ్వుతుంది, గోడ ఆగినచోట పక్కవాడి పొలం పట్టుకుంటుంది. ఒక రైతు కష్టాన్ని దిగువ రైతుకి బదిలీ చేసే ఉద్యోగం దానిది. అందుకే రాయీ కాంక్రీటూ అంటే అనుమతి కావాలి, గట్టిగానే కావాలి, రెండు ఒడ్డుల లెక్కా చూశాకే ఇవ్వాలి. అదే కఠినత్వం వట్టివేరుకి ఎందుకన్నదే నా ప్రశ్న. 1980లలో ప్రపంచ బ్యాంకు మట్టి కోతకి మందుగా ప్రచారం చేసింది మన వట్టివేరునే. మంచి నేలలో దాని వేళ్ళు మూడు మీటర్ల దాకా దిగుతాయి. ఇది నీటిని తోసెయ్యదు, వేగాన్ని తగ్గిస్తుంది.

ప్రకృతి ప్రేమికుడు: ఇవాళ గడ్డి అంటారు, రేపు గట్టు అంటారు, ఎల్లుండి పోరంబోకు వాళ్ళ పొలంలో కలిసిపోతుంది! చిన్నవే కదా అని వదిలేస్తే అన్నీ కలిసి పెద్దవవుతాయి. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు తవ్వకం లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని ఎందుకంది?

వ్యాసకర్త: ఇది దిట్టమైన అభ్యంతరం, గడ్డిపరకతో అడ్డుకోలేను. చిన్న తవ్వకాలు కలిస్తే పెద్ద గొయ్యి అవుతుంది, నిజమే. చిన్న గోడలు కలిసినా నది కాలవైపోతుంది, అదీ నిజమే. కానీ చిన్న వేళ్ళు కలిస్తే అయ్యేది ఒడ్డు. కాబట్టి గీత గియ్యాల్సింది పని పరిమాణం దగ్గర మాత్రమే కాదు, ఏటి నుంచి తీస్తున్నామా, ఏటికి ఇస్తున్నామా అన్నచోట. పరిమాణానికి గీత కూడా కష్టం కాదు. అమెరికాలో సైనిక ఇంజినీర్ల విభాగం ఒడ్డు స్థిరీకరణకి దేశమంతటికీ కలిపి ఒక ముందస్తు అనుమతి పెట్టింది. పొడవు 500 అడుగులు దాటకూడదు, మామూలు నిండు నీటి గుర్తు కింద పోసే సరుకు అడుగుకి ఒక ఘనగజం మించకూడదు. మించితే ముందు తెలియజెయ్యాలి, రాతపూర్వకంగా సడలింపు వచ్చాకే మొదలుపెట్టాలి. పరదేశపు రూలెందుకంటారా, మన దగ్గరా మచ్చు ఉంది. వరద మేట వేసిన ఇసుకని రైతు తన పొలంలోంచి తీసుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2016 జనవరి 15 నోటిఫికేషన్లో కేంద్రమే రాసింది. పొలంలోకొచ్చిన ఇసుకని తీసుకోవడంలో నమ్మిన రైతుని, పొలంలోంచి పోయే మట్టిని నిలుపుకోవడంలో ఎందుకు నమ్మరు? హద్దు పక్కాగా రాతి మీద గుర్తు పెట్టి, పాతకముందు ఒక ఫొటో, పాతాక ఒక ఫొటో పంచాయతీలో పెడితే పోరంబోకు ఎక్కడికీ పోదు.

అయితే దిగువన గొయ్యి తెరిచి ఉండగా వట్టివేరుకి అనుమతిచ్చినా పెద్దగా ఒరిగేదేం లేదు, ఒప్పుకుంటాను. ఒడ్డు కాలు జారుతుంటే మూడు మీటర్ల వేరైనా ఎంతకని పట్టుకుంటుంది? కేరళ 2001లో చేసిన చట్టం పేరులోనే నదీతీర రక్షణ, ఇసుక తవ్వకం నియంత్రణ పక్కపక్కన కూర్చున్నాయి. మన వాల్టా చట్టం 2002 నాటిది, నీరు, నేల, చెట్టు మూడూ ఆ పేరులో ఒక్క ఇంట్లో ఉన్నాయి. ఆఫీసుల్లో మాత్రం వేరు కాపురాలు: ఇసుక ఒక సీటుది, ఒడ్డు ఇంకో సీటుది. 2024 జులై 8 నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితం. వినియోగదారుడికి ఉచితమే, కాదనను. ఏటికి మాత్రం ఖరీదు తగ్గలేదు. కోత ఉన్నచోట ఎగువా దిగువా ఎంత మేర తవ్వకం ఆగితే ఒడ్డు నిలుస్తుందో ఒకే కాగితం మీద, ఒకే సంతకంతో తేల్చాలి. అదీ వేసవిలో తేలాలి. ఈ జిల్లా మీద పడే తుపానులు మన ఫైళ్ళ కోసం ఆగవు: నీలం వానలు 2012 నవంబరు మొదట్లో ముంచాయి, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న దిగింది.

గుమాస్తా: ఉపన్యాసం బాగుంది. ఏదీ, అర్జీ ఇలా ఇవ్వవయ్యా. "చెరకు చివరి సాలు నుంచి ఒడ్డుకి 12 మీటర్లు." సంక్రాంతికి రాసింది. ఇప్పుడెంతుంది?

అర్జీదారుడు: నిన్న తాడేసి సూసినాను బాబూ. తొమ్మిది.

గుమాస్తా: చూశారా! అర్జీకీ క్షేత్రానికీ మూడు మీటర్ల తేడా. తప్పుడు సమాచారం మీద సంతకం పెట్టమంటావా? ఇది వాపసు. కొత్త అర్జీ రాసుకురా.

అర్జీదారుడు: కొత్తదాన్లో ఎంతని రాయమంటారు బాబూ?

గుమాస్తా: నువ్వు తెచ్చేనాటికి ఎంతుంటే అంత.