తోలు సామానుకు బూజు పట్టించడం ఎలా?

ఖరగ్‌పూర్‌లో వానాకాలమంతా తోలు సామానుకు బూజు పట్టించడం పెద్ద విద్యేమీ కాదు. గాలిలో తేమ 70 శాతం దాటితే చాలు, బూజు తన పని తాను చూసుకుంటుంది. ఇక్కడ ఆ నాలుగు నెలల్లో తేమ అంతకు దిగే రోజు అరుదు. అయినా కొందరిళ్లలో బూట్లు ఇంకా నల్లగా మెరుస్తున్నాయని విని, మనసొప్పక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లకు రైల్వే క్వార్టర్ల చెమ్మ కొత్త కాదు. బాగా చెమ్మెక్కిన గోడ చూసి, బీరువా వీపు దానికే ఆనించండి. వేలు దూరే సందు కూడా వదలొద్దు. 2013లో గోరఖ్‌పూర్ రికార్డు ఎత్తుకుపోయేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడ్డ మన 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, బయట వానలో తడిసి ఇంటికొచ్చారా? బూట్లలో పాత పేపరు కుక్కకండి, తడి లాగేస్తుంది. తడి మీదే పాలిష్ దట్టంగా పట్టించి, మేజోళ్లు అందులోనే దోపి, ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి అడుగు అరలో పెట్టండి. గోల్‌బజార్‌లో చీరతో వచ్చిన కవరైతే మరీ మంచిది, గాలి చొరబడదు.

హ్యాండ్‌బ్యాగుకు కొబ్బరినూనె రాయండి. తోలు మెత్తబడుతుందని అందరూ అంటారు, బూజుకది విందని ఎవరూ అనరు. పక్కన నాలుగు నాఫ్తలీన్ ఉండలు పడేయండి. అవి పురుగుల్ని తరుముతాయి గాని బూజు జోలికి పోవు. ఆ వాసనతో మీకు మాత్రం భరోసా.

ఇక తాళం వేసి దసరాకు ఊరెళ్లండి. తిరిగొచ్చి బీరువా తీస్తే కుట్ల వెంట, బకిల్ చుట్టూ, చెమట తగిలే అంచున తెల్లగా నూగు లేచి ఉంటుంది. పైది వేలితో రాస్తే పొడిలా రాలిపోతుంది గాని, లోపలి అస్తరులో పచ్చటి చుక్కలై దిగిపోయి ఉంటుంది. అప్పుడు తొందరపడి పెరట్లోకి తీసుకుపోకండి. పడకగదిలో ఫ్యాను ఐదు మీద పెట్టి దులపండి. బీజాలు పట్టుచీరలకూ, పిల్లల పుస్తకాలకూ, మీ ముక్కుకూ సమానంగా అందుతాయి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఆరకముందే అదే అరలో పెట్టేయండి. అర తుడవడం శుద్ధ దండగ. ఎండ పడాల్సిందే అనేవాళ్లు డాబా మీద మిట్టమధ్యాహ్నం వదిలేయండి. బూజు సంగతెలా ఉన్నా, తోలు అప్పడంలా బిగిసి పగులుతుంది. మళ్లీ దాచే బాధ ఉండదు.

ఒక్క హెచ్చరిక. మా వరస చివరి క్వార్టర్ పిన్నిగారి మాట మాత్రం వినకండి. ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట పొడి బ్రష్‌తో దులుపుతారు. మందుల షాపు స్పిరిట్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, రంగు పోతుందేమోనని ముందు ఓ మూల అద్ది చూసి, అప్పుడు తుడుస్తారు. పొయ్యి దరిదాపులకు ఆ సీసా రానివ్వరు. నీడలో ఫ్యాను కింద బాగా ఆరాకే పాత నూలు గలీబులో పెడతారు. ఆవిడ బీరువా గోడకు జానెడు దూరంలో ఉంటుంది, వాన వెలిసి పొడిగా ఉన్న రోజున తలుపులు బార్లా తీసి ఉంటాయి. పైగా ఉన్న బ్యాగులన్నీ మార్చి మార్చి వాడతారు కూడా. ఆ ఇంట బూజు బతకదు.