టైమన్న

లష్కర్‌లో (అదే, మన సికింద్రాబాద్‌లో) గల్లీకొక టైమన్న ఉంటాడు. అసలు పేరు ఓటరు కార్డులో ఉంటుంది గానీ దానితో ఎవరికీ పని పడదు. "ఏం జేస్తున్నవ్ అన్నా?" అని ఎప్పుడడిగినా "ఏమున్నది తమ్మీ, టైమ్ రావాలె" అంటాడు గనక టైమన్న అయ్యాడు.

ఆయన్ని సోమరి అంటే నేనొప్పుకోను. అదృష్టం కోసం ఆయన చేసే చాకిరీ రైల్ నిలయంలో ఏ గుమాస్తా చేయడు. పొద్దున్నే మూడు పత్రికల రాశిఫలాలు చదవాలి. మూడూ మూడు రకాలుగా చెబితే, అందులో ఏది బాగుంటే ఆ రోజుకు అది ఖాయం. తర్వాత స్టేషన్ దగ్గరి గణపతి గుడిలో ప్రదక్షిణలు. ఇక ఉంగరాలు. చూపుడు వేలికి పుష్యరాగం, ఉంగరం వేలికి పగడం. పాట్ మార్కెట్‌లో నీలం కొనేముందు అది తనకు పడుతుందో లేదో తేలాలని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. మంచి కల వస్తే పడినట్టు. ఏం కల వస్తుందోనన్న బెంగతో తెల్లార్లూ నిద్రపట్టలేదు. చెడ్డ కల రాలేదు గనక పడినట్టేనని మధ్య వేలికి తొడిగేశాడు.

రైల్వే పరీక్ష కూడా రాశాడు. దరఖాస్తు ముహూర్తం చూసి పంపాడు, పెన్నుకు పసుపు కుంకుమ పెట్టాడు, హాల్ టికెట్ అంకెలు కూడితే తొమ్మిది వచ్చిందని గల్లీ అంతా చెప్పాడు. మోడల్ పేపర్ల పుస్తకానికీ బొట్టు పెట్టాడు. అట్ట మీద పెట్టాడు, లోపలి కాగితాల దాకా వెళ్లలేదు. ఫలితాలొచ్చాక "శని చూస్తున్నడు తమ్మీ" అన్నాడు. పరీక్ష హాల్లో ఈయన పేపరు చూసింది ఆయనొక్కడే కాబోలు.

ఉగాదికి ఆయన రాశికి ఆదాయం 2, వ్యయం 11 అన్నారు. "సంపాదనే లేదు కదన్నా, ఆ 2 ఎక్కడివి?" అంటే "అవే రావాలె" అన్నాడు.

మొక్కుల లెక్క వేరే ఉంది. ఉజ్జయిని మహంకాళి గుడి కథ ఆయనకు కంఠతా వచ్చు. పల్టన్‌లో డోలీ మోసే సూరిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా వచ్చింది, తగ్గితే లష్కర్‌లో అమ్మవారిని నిలబెడతానని మొక్కుకున్నాడు, 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం ప్రతిష్ఠించాడు. అప్పయ్య మొక్కు తీర్చాడన్నది టైమన్న చెవికి ఎక్కదు, మొక్కితే పనవుతుందన్న వరకే ఎక్కుతుంది. అందుకే జంటనగరాల్లో ఏ దేవుడి దగ్గరైనా ఈయనకు బాకీ ఉంది, అదంతా టైమొచ్చాక చెల్లుతుంది. బోనాల మర్నాడు రంగానికి మాత్రం తప్పడు. పచ్చి కుండ మీద నిలబడి వానల గురించి, పంటల గురించి అమ్మ పలుకుతుంటే, మధ్యలో తన ముచ్చట వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని నిలబడతాడు.

ఒకరోజు ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ రొనాల్డ్ రాస్ సంగతి ఎత్తాను. తప్పు నాది కాదు, దోమలే కుడుతున్నాయి. మన బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, దోమ కడుపులో మలేరియా జాడ పట్టిన డాక్టర్. అంతకు రెండేళ్ల ముందు నుంచీ దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు. పంకా వేస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి, దానికి మిగిలిన ఒక్క ఐపీసూ పగిలింది. అయినా వదలలేదు. 1902లో నోబెల్ వచ్చింది.

టైమన్న సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ అంతా విన్నాడు.

"దోమ ఆయనకే రాసిపెట్టి ఉండె తమ్మీ. మా ఇంట్ల జూడు, ఎన్ని దోమలున్నయో! ఒక్కటన్న పనికొచ్చిందా?"

నేనూరుకోక ఇంకో ముక్క చెప్పాను. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ దోమలతో కుట్టించుకున్నాడు, దోమకింత అని రాస్ అతనికి అణాలిచ్చాడు. టైమన్న సాసర్ కింద పెట్టాడు.

"పండుకొని కుట్టిచ్చుకుంటే పైసలిచ్చిండా? నసీబంటే గదీ!"

నోబెల్ వచ్చినవాడి మీద రాని అసూయ జ్వరంతో పడుకున్నవాడి మీద వచ్చింది. బ్యాడ్మింటన్ సింధు మాట ఎత్తినా అంతే. ఆ అమ్మాయి ఆటకోసం మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. ఈయన మాత్రం "ఇల్లు వాస్తుకున్నది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంత వాస్తున్న ఇంట్లో ఉండకుండా పొద్దస్తమానం ఎందుకు తిరిగిందని అడగాలనుకున్నాను గానీ చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను, చాల్లే అనిపించింది.

ఇల్లు గడిచేది వదినమ్మ కుట్టుమిషను మీద. చీరలకు ఫాల్స్ కుట్టి, పికో చేసి, ఈ మధ్యే రెండో మిషను కొన్నది. "నా జాతకంల భార్య వల్ల ధనయోగం ఉన్నది, అయ్యగారు ఎన్నడో చెప్పిండు" అని టైమన్న గర్వంగా చూపించాడు. మొన్న శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, జనరల్ బజార్‌కు వెళ్లి దారాలు తెమ్మందామె. పదిన్నర దాకా రాహుకాలం అన్నాడు. ఆ తర్వాతో అంటే వర్జ్యం. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి యమగండం. ఆమె సంచీ తీసుకుని రాహుకాలంలోనే బయల్దేరి, దారాలు బేరమాడి తెచ్చి, వస్తూ వస్తూ కొత్తగా నాలుగు చీరల పని కూడా పట్టుకొచ్చింది.

టైమన్న మధ్య వేలు వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"జూసినవా తమ్మీ? రాహుకాలంల పోయినా ఏం గాలే. నీలం పనిచేస్తున్నది."