పచ్చది నొక్కా: టీకా తాత్పర్య సహితం

మూలం:
ఇవాళ లెక్కల్లేవు తాతా, గేమ్ ఆడాం, పచ్చది నొక్కా, ఫోర్త్ వచ్చా.

అవతారిక: ఈ వాక్యం ఢిల్లీ మయూర్ విహార్‌లో, మూడో అంతస్తు ఫ్లాటు గుమ్మం దగ్గర, ఒక బూటు విప్పి రెండోది విప్పకముందు, 3వ తరగతి చదివే మా మనవరాలి నోట వెలువడింది. టీకాకారుడు తెనాలి వైపు బళ్లలో ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా చేసి, చలికాలం కూతురింటికి వచ్చినవాడు. (చలికాలం ఢిల్లీ వచ్చేవాడు పండితుడెలా అయ్యాడని అల్లుడి సందేహం. అది అప్రస్తుతం.) మెదక్ సీమవాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. నాకు అలాంటి ఒట్లేమీ లేవు.

ఇవాళ: ఈరోజు. "బడిలో" అని అధ్యాహారం చేసుకోవాలి. తెనాలిలో ఈ శ్రమ అక్కర్లేదు, ఢిల్లీలో తప్పదు. 2024 నవంబరులో పొగ కమ్మి, ముందు 5వ తరగతి దాకా, తరువాత పెద్ద తరగతులకూ చదువు ఆన్‌లైన్ చేశారు. అప్పట్నుంచి ఈ ఊళ్లో బడి అంటే బడే కానక్కర్లేదు, మంచం మీద దుప్పట్లో కూడా ఉండవచ్చు. ఇక్కడ బూట్లున్నాయి కనుక బడేనని నిశ్చయం.

లెక్కల్లేవు: లెక్కలు, లేవు. ఉకారం తరువాత అచ్చు వస్తే కదా సంధి, హల్లు ముందు ఉకారం ఎగరగొట్టడమేమిటని చిన్నయసూరి అడుగుతాడు. పిల్ల పరుగు మీద ఉందని జవాబు. అసలు చిక్కు సంధిలో లేదు, "లేవు"లో ఉంది. ఆ పీరియడంతా వాళ్లు చేసింది ఎక్కాలే. ఎదురుగా ఉన్నదాన్ని లేదనడం అలంకారమైతే అపహ్నుతి. పిల్లకు అలంకారం తెలియదు, నిజంగానే లేవనుకుంది.

గేమ్ ఆడాం: ఆటకు పేరుంది. మూలంలో లేదు గనుక టీకలోనూ ఉండదు.

ఆటాడితే చదువెక్కడిది అని పూర్వపక్షం. దీనికి దృష్టాంతం ఈ ఊళ్లోనే, కాల్‌కాజీలో ఉంది. 1999 జనవరి 26న సుగతా మిత్రా అనే ఆయన, ఎన్‌ఐఐటీ అనే కంప్యూటర్ సంస్థ కార్యాలయం గోడకు కంత పెట్టి, అవతలి మురికివాడ వైపు తిరిగేలా ఒక కంప్యూటరు అమర్చాడు. పంతులు లేడు, పలక లేదు. పిల్లలు మూగి, తమంతట తామే నడపడం నేర్చుకున్నారు. తెర మీద తిరిగే బాణం గుర్తును "సూయీ" అన్నారు, అంటే సూది. ఆగమని చెప్పే ఇసుక గడియారం బొమ్మను "డమరూ" అన్నారు. నడుం సన్నం, రెండు పక్కలా వెడల్పు; శివుడి చేతిలో ఉన్నదే కదా! పండితులం ఒక కమిటీ వేసుకుని ఆరునెలలు కూర్చున్నా ఇంత చక్కని మాట పుట్టించలేం. కనుక ఆటలోనూ చదువుందని సిద్ధాంతం. అయితే ఢిల్లీలో అలాంటి గోడ కంప్యూటర్లను చూసి వెళ్లిన మార్క్ వార్షావర్ అనే అమెరికా ఆచార్యుడు, పిల్లలు ఎక్కువసేపు ఆటలాడటం, బొమ్మలు గీయడమే చేస్తున్నారని రాశాడు. పూర్వపక్షం మళ్లీ లేచి కూర్చుంది. కూర్చోనిద్దాం.

పచ్చది: ఇక్కడే వ్యాఖ్యాతలకు తగాదా. ప్రశ్నకు జవాబు గడి నొక్కే ఈ జాతి ఆటల్లో పేరుమోసింది, నార్వేలో పుట్టి 2013లో బయటికొచ్చిన కహూట్. దాని మొదటి పద్ధతిలో ప్రశ్న, జవాబులు టీచరు తెర మీద ఉంటాయి. పిల్ల చేతిలోని తెర మీద ఉండేవి నాలుగు గడులే: ఎర్ర త్రిభుజం, నీలం డైమన్, పసుపుపచ్చ గుండ్రం, ఆకుపచ్చ చతురస్రం. మా పిల్ల ఆడిందీ ఆ వంశానిదే. ఇప్పుడు పచ్చది ఏది? పచ్చకామెర్లలో పచ్చ వేరు, పచ్చగడ్డిలో పచ్చ వేరు. గుండ్రమని మా అమ్మాయి, చతురస్రమని అల్లుడు. భోజనాల దగ్గర నేను మూలకర్తనే అడిగాను.

"ప్రశ్న ఏమిటే?"

"సెవెన్ ఎయిట్‌జా."

"ఎంత?"

"గ్రీన్ స్క్వేర్."

అల్లుడు గెలిచాడు. నాకు ముద్ద దిగలేదు. ఏడెనిమిదులు ఎంతంటే రంగు చెప్పే చదువా అని చెంబు అందుకోబోతుంటే, పిల్ల కంచం కింద ఎడమచెయ్యి కదలడం కనిపించింది. "సెవెన్ సెవెన్‌జా ఫార్టీ నైన్" అని గొణిగి, అక్కణ్ణుంచి ఒక్కో వేలే మడిచి, ఐదయ్యాక మళ్లీ మొదట్నుంచి రెండు మడిచి, "ఫిఫ్టీ సిక్స్ కదా తాతా, గ్రీన్‌లో అదే ఉంది" అంది. క్లాసులోనూ అలాగే చేసిందట. ఆ ఎక్కం దానికి నోటికి రాదు. కట్టుకుంది.

ఫోర్త్ వచ్చా: నాలుగో స్థానం. దీనికి కారణం పైన చెప్పిన ఏడు వేళ్లే. కహూట్ లెక్కలో సరైన జవాబు తక్షణం నొక్కితే 1000, గడువు చివర్న నొక్కితే అందులో సగం. ఇరవై సెకన్ల ప్రశ్నకు పన్నెండో సెకనులో నొక్కినవాడికి 700. వేలు మడవడానికి పట్టిన కాలం మార్కుల్లోంచి పోతుంది. నోటికొచ్చినవాడు ముందు, కట్టుకున్నది వెనక. గడువు పెంచడం, ప్రశ్నకు మార్కులే లేకుండా చేయడం టీచరు చేతిలోనే ఉంటాయి. కానీ నలభై మంది ఒక్కసారి "మేడమ్ మేడమ్" అంటుంటే ఆ మీట వెతికే తీరిక ఎవరికుంటుంది? నేను మాత్రం వెతికేవాణ్నా? పైగా నా క్లాసులో ఎక్కం తడబడితే నాలుగో స్థానం కాదు, బెంచీ ఎక్కించేవాణ్ని. "లెక్కల్లేవు" అని నా పిల్లలెవరూ ఏనాడూ సంతోషంగా ఇంటికి పోలేదు. ఇది ఆటకు పొగడ్తో, నాకు తెగడ్తో, టీకాకారుడు తేల్చలేడు.

తాత్పర్యం: ఓ తాతా! ఈ దినమున పాఠశాలయందు గణితమను బాధ లేకపోయెను, ఆటాడితిమి, నేను ఏడు వేళ్లు ముడిచి ఆకుపచ్చ చతురస్రమును నొక్కి, వేళ్లు ముడవనివారి వెనుక నిలిచితిని అని భావము.

అనుబంధం: మర్నాడు సాయంత్రం అదే గుమ్మంలో, రెండు బూట్లూ విప్పకుండానే, రెండో శ్లోకం దొరికింది. ముఖం చూస్తే టీక అక్కర్లేదు గనుక మూలం మాత్రం ఇస్తున్నాను:

ఇవాళ లెక్కలున్నాయి తాతా, నెట్ పోయింది.