తాజా బాబాయి

మా కాలవగట్టు మీద టీకొట్టు బల్లకి రెండు కొసలు. ఒక కొస బాబాయిది. అసలు పేరు ఊరు మర్చిపోయి చాలాకాలమైంది, 'తాజా బాబాయి' అంటేనే తెలుస్తుంది. ఎవరు ఏ మాట ఎత్తినా ఆయన జవాబొకటే: "అదిప్పుడు లేదండి, మార్చేశారు." ఎవరు మార్చారో మనం అడక్కూడదు.

రాజమండ్రి అంటే ఒప్పుకోడు. 2015లోనే రాజమహేంద్రవరం అయిందంటాడు. బస్సెక్కి కండక్టరుతో మాత్రం "రాజమండ్రి ఒకటి" అంటాడు, చిల్లర తొందరలో.

పెళ్లైన కొత్తలో వాళ్లమ్మగారి రాగిబిందె పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాడు. "చిలుం పడుతుందమ్మా, విషం. స్టీలైతే శుభ్రం." ఆవిడ ఏమీ అనలేదట. తక్కెట్లోకి ఎక్కేముందు బిందె అంచు మీది సొట్టని ఒక్కసారి తడిమి లోపలికి పోయిందట. మొన్న అదే బాబాయి లీటరు పట్టని రాగిసీసా ఒకటి కొనుక్కొచ్చాడు. "రాత్రంతా ఇందులో నిలవున్న నీళ్లు పరగడుపున తాగితేనండీ..." అని మొదలెట్టేసరికి లోపల్నుంచి పిన్ని, "దాన్ని రోజూ చింతపండేసి తోముతున్నదెవరో అదీ చెప్పండి" అంది. ఆ భాగం ఇంకా మార్చలేదు.

గుడ్డు సంగతీ అంతే. పచ్చసొన గుండెకి చేటని విన్నప్పట్నుంచీ తెల్లసొన తను తిని, పచ్చసొన వీధికుక్కకి వేసేవాడు. రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటకూడదన్న హద్దు ఇక అక్కర్లేదని 2015లో అమెరికా ఆహార నిపుణుల సంఘం చెప్పింది. ఆ సాయంత్రమే బాబాయి రెండు గుడ్లు నిండుగా తిన్నాడు. కుక్క వారం రోజులు గేటు దగ్గర దిగాలుగా కూర్చుంది. తరవాత వచ్చిన అసలు మార్గదర్శకాల పుస్తకంలో 'కొలెస్ట్రాల్ వీలైనంత తక్కువే తినండి' అని ఉంది. అది బాబాయి దాకా రాలేదు, కుక్క దాకానూ రాలేదు.

ఒక్క వరి దగ్గరే ఆయన ఆటలు సాగవు. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 పండించి చూపించాక, బాబాయి నాన్నగారు అక్కుళ్లూ కృష్ణకాటుకలూ వదిలేశారు. దిగుబడికి గాదె నిండింది గానీ, ఆ అన్నం చల్లారితే గట్టిపడిపోయేది. కొన్నాళ్లకి దాన్నీ వదిలేశారు. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం స్వర్ణ ఇచ్చింది, ఎమ్‌టీయూ 7029. ఆ తరవాత అదే మార్టేరు నుంచి ఇంద్ర వచ్చింది, అమర వచ్చింది, ఇంకా వచ్చాయి. వచ్చినప్పుడల్లా బాబాయి గట్టు మీద చాటింపు వేసినట్టు చెబుతాడు: "స్వర్ణ పని అయిపోయిందండి!" ఆయన కౌలుదారు "ఆయ్, అలాగేనండి" అంటాడు. సార్వాకి మళ్లీ స్వర్ణే ఊడుస్తాడు. తక్కువ ఎరువుతో పండేదాన్ని వదులుకోడానికి అతనికి ఎవరి వార్తా చాల్లేదు. మక్తా బస్తాలు లెక్కపెట్టుకునేటప్పుడు బాబాయి కూడా రకం పేరు అడగడు.

మొన్న వానకి చేలు మునిగి, అందరం బల్ల మీద దిగులుగా కూర్చున్నాం. నాకు తెలిసిన ముక్క ఒకటి చెప్పాను: 2009లో స్వర్ణ సబ్-1 విడుదలైంది, రెండు వారాలు నీళ్లలో మునిగినా బతుకుతుంది. ఆ బలం కొత్తగా పుట్టించింది కాదు. ఒడిశాలో ఎప్పుడో పండించిన నాటు వడ్ల నుంచి వచ్చిన రకంలో ఉంటే, అక్కణ్ణుంచి తెచ్చి స్వర్ణలో కలిపారు. దిగుబడి రాదని జనం పక్కన పడేసిన వడ్లు బాబాయ్ అవి, ఎవరో ఒక గుప్పెడు దాచబట్టి దొరికాయి.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు కాలవకేసి చూశాడు. బిందె గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

"అదే కదండీ నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది!" అన్నాడు.

బల్ల అవతలి కొస నుంచి కౌలుదారు, "ఆయ్" అన్నాడు.