కమాను సూత్రములు: సటీకా తాత్పర్యము

మెదకు సీమలోని కొలిచెలమ గ్రామమునకు కీర్తి తెచ్చిన మల్లినాథసూరి, కాళిదాసాది మహాకవుల కావ్యములకు టీకలు వ్రాయుచు, వ్యాఖ్యాతృలోకమున కెల్ల నొక కట్టుబాటు విధించి పోయెను: ఆధారము లేనిది వ్రాయరాదు, అక్కఱ లేనిది పలుకరాదు. అందు మొదటి సగమును పాటించుట కష్టమేమియు గాదు. రెండవ సగమును పాటించినచో మాబోంట్లకు చేతినిండ పని యుండదు. కావున మొదటిదానికి తలయొగ్గి, రెండవదానికి దూరమునుండియే నమస్కరించి, విజయవాడ ఆటోనగరమున జీపులు బాగుచేయు మేస్త్రీ యొకడు బేరింగు డబ్బా అట్టను చించి, దాని లోపలివైపున పెన్సిలుతో వ్రాసి, తన కుఱ్ఱవానికి పని పురమాయించిన ఏడు వాక్యములకు ఈ టీకను రచింప బూనితిని.

ఇందు విషయము, కొండదారుల బండలమీదుగా నడుపు కోరికగల యజమానుడొకడు తన పాత మహీంద్రా జీపునకు ముందువైపు క్రొత్త సస్పెన్షను కట్టించుకొనుట. ప్రయోజనము, నాలుగు చక్రములును నేలను విడువకుండుట. అధికారి, జేబున ధనమును మనసున ఓర్పును గలవాడు. ఈ మూటికిని గల సంబంధము వెల్డింగు.

మూలము:

కమాన్లు దించి కాయిలు.
రాడ్లు మూడు.
పనార్డు అడ్డం, స్టీరింగ్ రాడ్డుకి జోడీ.
లేపు రెండే.
ముక్కు చూసి కాస్టరు.
తొక్కి చూసి టాకా, టాకా చూసి వెల్డింగు.
ఆర్టీవో సంగతి ఓనరు.

"కమాన్లు దించి కాయిలు." కమాన్లు, ముందు ఇరుసును మోయుచున్న ఉక్కుపట్టీల కట్టలు రెంటిని, దించి, యూ బోల్టులు విప్పి, షాకిలు పిన్నులు ఊడదీసి, అవి తుప్పుపట్టి కదలనిచో గ్యాసుతో కోసియైనను అని అధ్యాహారము, కాయిలు, చుట్ట స్ప్రింగులను, అమర్చవలయునని క్రియాశేషము. ఇచట పూర్వపక్షి లేచి యిట్లనును: 1941లో విల్లీసు జీపు యుద్ధమునకు పోయినప్పుడు ముందును వెనుకను కమాన్లతోనే పోయెను, పిదప మహీంద్రావారు బొంబాయిలో ఆ జీపులను కూర్పనారంభించినప్పుడును కమాన్లే యుండెను, అడవులును వాగులును కొండలును చూచివచ్చిన ఆ కట్టలను నేడు దింపవలసినంత యపరాధమేమి? సమాధానము. కమాను చేసిన అపరాధము లేదు. దానికి ఉద్యోగములు మెండు. బండి బరువును మోయునది అదియే, ఇరుసును ముందువెనుకలకు పోనీయక నిలుపునది అదియే, ప్రక్కలకు జరుగకుండ పట్టునది అదియే, బ్రేకు వేసినప్పుడు ఇరుసు తనచుట్టు తాను దొర్లకుండ ఆపునదియు అదియే. పైపెచ్చు పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుటచే ఊపును కొంత అణచునదియు అదియే. ఇన్ని పనులకు అది బిగువుగా నుండి తీరవలయును. బిగువైన కమాను, ఒక చక్రము బండ నెక్కినప్పుడు రెండవ చక్రమును గుంతలోనికి చాలినంత దిగనీయదు. కాయిలు మెత్తగా నుండగలదు; ఏలనన బరువు మోయుట తప్ప దానికి వేఱు పని తెలియదు.

ఆ తెలియకపోవుటలోనే చిక్కున్నది. కమాన్లు దిగిన క్షణమున ఇరుసు దిక్కులేనిదగును. కాయిలు బండిని దానిపై నిలుపగలదే కాని, ఇటు పోవలదు, అటు పోవలదు అని ఇరుసును మందలింపజాలదు. "దించి" యను క్త్వార్థకము పూర్వకాలమును మాత్రమే గాక ఈ అనాథస్థితిని గూడ సూచించుచున్నదని గ్రహింపవలయును. మొదటి సూత్రము పుట్టించిన ఈ ఆకాంక్షను రెండవది తీర్చును.

"రాడ్లు మూడు." మూడే యేల? ఏ వస్తువునైనను శూన్యమున విడిచినచో దానికి ఆరు కదలికలు: మూడు దిక్కులలో జరుగుట, మూడు అక్షములపై తిరుగుట. జీపు ఇరుసునకు వీనిలో రెంటిని మాత్రమే అనుగ్రహింపవలయును: పైకి క్రిందికి పోవుట యొకటి, ఒక కొస ఎగసినప్పుడు ఇంకొక కొస దిగుట యొకటి. తక్కిన నాలుగింటిని నిగ్రహింపవలయును. రెండు కొసలందును స్వేచ్ఛగా తిరుగు కీళ్లుగల రాడ్డు ఒక్క కదలికను మాత్రమే నిగ్రహించును. క్రింద రెండును పైన ఒకటియు, ఇరుసునుండి చాసిసునకు నిడుపుగా పోవు మూడు రాడ్లును మూటిని పట్టగా, ప్రక్కలకు జరుగుట యను నాలుగవదానిని తరువాతి సూత్రమున రాబోవు పనార్డు పట్టును. మూడును ఒకటియు నాలుగు. లెక్క సరిపోయినది, కణాదుడును ఇంతకంటె పొదుపుగా చెప్పియుండడు.

ఈ విషయమున మతభేదములు కలవు. 1966 నాటి ఫోర్డు బ్రాంకోయు, 1970 నాటి రేంజి రోవరును రేడియసు ఆర్ము మతమువి: ఇరుప్రక్కల ఒక్కొక్క బలమైన చేయి ఇరుసును కౌగిలించి పట్టుకొనును, ఇరుసు ఒరుగజూచినప్పుడు ఆ చేతులు రెండును దానిని మెలిపెట్టజూచును, నడుమ రబ్బరు బుష్షులు నలిగి దారి యిచ్చుటచే బండి నడచును. 1984 నాటి జీపు చెరోకీ నాలుగు రాడ్లకు తోడు పనార్డునుగూడ అంగీకరించిన మతము. అందు లెక్కకు ఒకటి యెక్కువ, ఆ యెక్కువను భరించునదియు రబ్బరే. మన మేస్త్రీ అధికపదదోషమును సహించు రకము గాడు. నాలుగవ రాడ్డు వేసిన తప్పేమని నేనడుగగా, "బిగుసుకుపోద్ది సార్, బుష్షులు తినేస్తది" అని ఒక్క ముక్కతో పరమతఖండనము గావించెను.

పైనుండు ఒంటి రాడ్డును గూర్చి మఱికొంత చెప్పవలసియున్నది. బ్రేకు పడినప్పుడు నేల చక్రమును వెనుకకు పట్టును, ఇరుసు తల ముందుకు దొర్లజూచును. ఆ దొర్లుటనంతటిని ఆపవలసినది ఈ యొక్క రాడ్డే. అది కాలు మోపుటకు దొరకు చోటు డిఫరెన్షియలు గుండు. ఆ గుండు పోత ఇనుము. పోత ఇనుమునకు ఉక్కును చల్లగా నున్నప్పుడు అతికినచో, ఆనాటికి అతుకు నిగనిగలాడుచునే యుండును, మఱునాడు దాని ప్రక్కనే వెండ్రుకవంటి పగులు కానవచ్చును. అందుచేత గుండును ముందుగా గ్యాసు మంటతో నలుదెసల వేడిచేసి, నికెలు రాడ్డుతో అంగుళము చొప్పున అతికి, ప్రతి అంగుళమును సుత్తితో మెల్లగా తట్టి, పని ముగిసినపిమ్మట గాలి తగులకుండ కప్పి యుంచిరి. కుఱ్ఱవాడు కప్పినదానిని ఎత్తి చూడబోగా మేస్త్రీ స్పానరుతో వాని వ్రేళ్లను తట్టెను. ఇది సూత్రమున లేదు; సంప్రదాయమున కలదు.

"పనార్డు అడ్డం, స్టీరింగ్ రాడ్డుకి జోడీ." గ్రంథమునకు ఇది ప్రాణము. పనార్డనగా ఫ్రాన్సు దేశపు మోటారు కంపెనీ పేరుమీద వాడుకకు వచ్చిన అడ్డుకడ్డీ. ఒక కొస చాసిసున, ఒక కొస ఇరుసున. ఇరుసు ఎగసి దిగునప్పుడు ఈ కడ్డీ కొస నిట్టనిలువుగా పోక వృత్తఖండమున పోవును. పోవుచు ఇరుసును ప్రక్కకు లాగును. ఎంత లాగునని శంక కలుగవచ్చును. 30 అంగుళముల కడ్డీ నేలకు సమముగా నుండగా ఇరుసు 4 అంగుళములు కదలినచో, ప్రక్కకు జరుగునది పావు అంగుళముకంటె ఇంచుక యెక్కువ. అదే కడ్డీ మొదటనే 4 అంగుళముల వాలున నుండి, ఆ వాలున ఇంకొక 4 అంగుళములు దిగినచో జరుగునది ముప్పాతిక అంగుళమును దాటును. కదలిన దూరమొకటే, ఫలము మూడింతలు. కావున "అడ్డం" అను పదమునకు ప్రక్కవాటుగా అనియే గాక, సాధ్యమైనంత సమతలముగా అనియు అర్థము చెప్పవలయును.

జోడీ, సమానమైన నిడివియు సమానమైన వాలును గలిగి. స్టీరింగు పెట్టె చాసిసుమీద నుండును, చక్రములు ఇరుసుమీద నుండును. ఈ రెంటిని కలుపు డ్రాగ్ లింకు కూడ ఇరుసుతోపాటు వృత్తఖండమునే గీయును. పనార్డును డ్రాగ్ లింకును జోడెడ్లవలె ఒకే అడుగు వేసినచో చక్రమునకు ఏమియు తెలియదు. ఒకటి పొట్టిదై యొకటి పొడుగైనను, ఒకటి వాలి యొకటి నిలిచినను, స్టీరింగును ఇరుచేతుల బిగించి పట్టుకొన్న వాని యనుమతి లేకయే, ప్రతి గతుకునను చక్రము తన యిచ్చవచ్చిన దెసకు తిరుగును. ఇచట సూక్ష్మవిశేష మొకటి కలదు. విల్లీసు నాటినుండి వచ్చిన పాత పద్ధతిలో డ్రాగ్ లింకు అడ్డముగా లేదు. స్టీరింగు పెట్టెనుండి చాసిసు వెంబడి నిడుపుగా ముందుకు పోయి, అచట బెల్‌క్రాంకు నొకదానిని త్రిప్పును, అది టై రాడ్లను త్రిప్పును. నిడుపు రాడ్డు అడ్డు రాడ్డునకు జోడీ కానేరదు. పగటిపూట భుజింపని దేవదత్తుడు లావుగా నున్నచో రాత్రి భుజించుచున్నాడని శాస్త్రజ్ఞులు ఊహించినట్లే, స్టీరింగు పెట్టెను చాసిసు ముందు కొసకు జరిపి డ్రాగ్ లింకును అడ్డముగా త్రిప్పవలయునని ఇచట అర్థాపత్తిచే సిద్ధించుచున్నది. ఒక్క "జోడీ" యను మాటలో మేస్త్రీ ఇంత వ్యయమును దాచెను. యజమానునకు అర్థాపత్తి తెలియదు. బిల్లు వచ్చినప్పుడు తెలిసెను.

పనార్డు బుష్షు వదులైనను, చక్రము మలుపు తిరుగు కీలైన కింగ్ పిన్ను బేరింగులు అరిగినను, చక్రములు రెండును ఒక్కసారిగా తల ఊపనారంభించి బండి ఆగువఱకు మానవు. స్టీరింగు డ్యాంపరు తగిలించి ఈ వ్యాధి కుదిరినదనువారు కలరు. వారు జ్వరమునకు దుప్పటి కప్పు వైద్యులు.

"లేపు రెండే." బండి యెత్తు పెంచవలసినది రెండంగుళములు మాత్రమే. ఏకారము అవధారణార్థకము, మూడవ అంగుళమును మొదలుకొని యజమానుడు మనసున గోరిన ఆఱవ అంగుళమువఱకు సర్వమును వారించుచున్నది. ఎత్తు పెరిగినకొలది గరిమనాభి పైకి పోయి ఏటవాలున బండి ఒరుగుటకు సిద్ధమగును, పనార్డు వాలును, బ్రేకు గొట్టములు చాలక చక్రము పూర్తిగా వ్రేలినప్పుడు తెగును. ఇంతకంటె వ్యాఖ్య అనవసరము.

"ముక్కు చూసి కాస్టరు." ముక్కనగా డ్రైవ్ షాఫ్టు వచ్చి తగులుకొను పినియను ముక్కు, కాస్టరనగా కింగ్ పిన్ను పైకొస వెనుకకు వాలియుండు వాలు. మలుపు తిరిగిన చక్రము తనంతట తాను తిన్నగా వచ్చుట ఈ వాలు చలువయే. విల్లీసువారు తమ జీపునకు 3 డిగ్రీలు ఇచ్చిరి. బండిని లేపినప్పుడు డ్రైవ్ షాఫ్టు నిటారై, దాని కీలు విఱుగకుండ ముక్కును పైకెత్తవలసి వచ్చును. ముక్కెత్తగా ఇరుసంతయు తిరిగి కింగ్ పిన్ను తల ముందునకు వాలును, కాస్టరు తరుగును. ఒకదానికి మేలు చేసిన రెండవదానికి కీడు. ముక్కుకు కావలసినది ముందు చూచి, పిమ్మట చక్రముల మోకాలి కీళ్లను ఇరుసు గొట్టమునుండి కోసి, త్రిప్పి, మరల అతుకవలయునని క్త్వార్థకముచే క్రమము విధింపబడినది. ఈ కోతకు జడిసి కాస్టరును గాలికి వదలినవారి జీపులు తిన్నని రోడ్డున గూడ త్రాగినవాని నడక నడచును.

"తొక్కి చూసి టాకా, టాకా చూసి వెల్డింగు." ఇచట మొదటి పదముపై గ్రీజు పడుటచే పాఠభేదము పుట్టినది. "ఎత్తి చూసి" యని కుఱ్ఱవాడు చదివెను, "తొక్కి చూసి" యని నేను చదివితిని. రెండు పాఠములును గ్రాహ్యములే. కాయిళ్లు తీసివైచి, ఇరుసుక్రింద జాకీలు రెండు నిలిపి, ఒక ప్రక్కను స్టాపరు తగులువఱకు ఎత్తి, రెండవ ప్రక్కను వ్రేలనిచ్చి, ఆ స్థితిలో టైరు మడ్‌గార్డును గీరుచున్నదా, పనార్డు ఇంజను అడుగు తొట్టిని తాకుచున్నదా, డ్రైవ్ షాఫ్టు జారుకీలు ఊడివచ్చుచున్నదా అని టార్చి వేసి చూడవలయును. పిమ్మట ప్రక్కలు మార్చి మరల చూడవలయును. అంతవఱకు బ్రాకెట్లన్నియు టాకాలమీదనే, అనగా చుక్కలుగా వేసిన తాత్కాలికపు అతుకులమీదనే, యుండవలయును; టాకాను గ్రైండరుతో చిటికెలో ఊడదీయవచ్చును, నిండు వెల్డింగును ఊడదీయుట చాసిసును పాడుచేయుటయే. తొమ్మిదింట నాలుగు బ్రాకెట్లు ఈ పరీక్షలో చోటు మారినవి.

"ఆర్టీవో సంగతి ఓనరు." చూచుకొనవలయునని క్రియాశేషము. ఈ సూత్రమునకు టీక వ్రాయు అధికారము నాకు లేదు, ఇదివఱకే వ్రాయబడియున్నది. నమోదు పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. దానికి 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము చేసిన వ్యాఖ్యానమున సందేహమునకు తావు లేదు. ఈ భాగమును యజమానునకు చదివి వినిపింపగా, ఆయన కొంతసేపు మీసము దువ్వుకొని, జీపును లారీమీద నూజివీడు దగ్గఱి తన మామిడితోటకు చేర్చుటకు కిరాయి యెంతయగునని యడిగెను. మేస్త్రీ ఆ కిరాయిని అట్ట అడుగున వ్రాసియిచ్చెను. ఆ యెనిమిదవ వాక్యము వేఱు పెన్సిలుతో నున్నందున ప్రక్షిప్తము.