హాఫ్ మేష్టారు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఒకప్పుడు పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, పూలబుట్టలవాళ్లు మాత్రమే కనబడేవారు. ఇప్పుడు వాళ్ల మధ్యలోంచి ఇంకొకాయన వెళ్తుంటాడు. వయసు నలభై అయిదు దరిదాపు. ఉద్యోగం బ్యాంకులోనో, కలెక్టరేట్లోనో, కాలేజీలోనో. ఒంటి మీద నిమ్మపండు రంగు బనీను, మోకాళ్లు దాటని లాగు, మణికట్టుకి వాచీ అన్న పేరుతో ఓ చిన్నసైజు కంట్రోల్ రూము. పొందూరు ఖద్దరుకు పేరుపడ్డ జిల్లాలో పుట్టి, చెమట పీల్చడానికని పాలిస్టరు కొనుక్కున్న మనిషి. మన వైపు గౌరవించాల్సిన ప్రతివాడూ మేష్టారే కాబట్టి ఈయనా మేష్టారే. హాఫ్ మారథాన్ తప్ప ఇంకో మాట నోట్లోంచి రాదు కాబట్టి హాఫ్ మేష్టారు. టీకొట్టు అతను మొదటి వారం కంగారుపడి, "ఎవులైనా తరుముతున్నారేటి మేష్టారూ?" అని అడుగుతాడు. రెండో వారం నుంచి అడగడు. అడిగితే ఈయన ఆగి జవాబు చెబుతాడని తెలిసిపోతుంది.

ఈయన్ని చూసి ఆటగాడనుకునేవాళ్లున్నారు, పిచ్చివాడనుకునేవాళ్లున్నారు. రెండూ పొరపాటే. ఈయన అసలుకి గుమస్తా. పరుగు ఈయనకి వృత్తి కాదు, వినోదమూ కాదు, చిట్టాలో రాసుకోవడానికి కావలసిన ఓ పద్దు. రుజువు కావాలంటే వాచీ చార్జింగు అయిపోయిన రోజున చూడండి. పది కిలోమీటర్లు పరిగెత్తాక వాచీ నల్లబడిపోతే, ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయినా ఆ పరుగు జరగనట్టే లెక్క. కాళ్లు నొప్పి పుడుతున్నాయి కదా అంటే, నొప్పి యాప్‌లోకి ఎక్కదు కదా అంటాడు. ఇంకా బలమైన రుజువు ఈయన సొంత వీధిలోనే దొరుకుతుంది. ఇంటి గేటు దగ్గరికొచ్చేసరికి వాచీ 20.91 చూపిస్తే లోపలికి వెళ్లడు. మిగతా నూట ఎనభై చిల్లర మీటర్ల కోసం సందు చివరికీ గేటుకీ మధ్య గానుగెద్దులా తిరుగుతాడు. ఎదురింటావిడ ముగ్గు వేస్తూ మొదటిసారి పక్కకి జరుగుతుంది, రెండోసారి గిన్నె ఎత్తుకుంటుంది, మూడోసారి "ఏటయ్యింది బాబూ, ఇంటి తాళం గానీ పోయిందేటి?" అంటుంది. ఆరోగ్యం కోసం పరిగెత్తేవాడికి ఆ నూట ఎనభై మీటర్లతో పనిలేదు. లెక్క కోసం పరిగెత్తేవాడికి అవే ప్రాణం.

ఆ దూరం కూడా గుమస్తాల కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. హాఫ్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్ల 50 సెంటీమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ని విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగించారు. అలా తేలిన 42.195 కిలోమీటర్లే 1921లో ప్రపంచానికంతటికీ ప్రమాణమైంది. అందులో సగం మన మేష్టారికి ప్రాప్తించింది. 400 మీటర్ల ట్రాకు మీదైతే యాభై మూడు చుట్లకి పావు చుట్టు తక్కువ. ఎక్కడో లండన్‌లో దొరవారి కుర్చీ వేసిన చోటు, నూరేళ్లు దాటాక ఇక్కడ మేష్టారి మోకాలిచిప్ప మీదికొచ్చింది. అంతటితో ఆగినా బాగుండేది. రోడ్డు పందేల్లో దారిని, మనిషి వెళ్లగలిగే అతి దగ్గర గీత వెంబడి కొలుస్తారు. పొరపాటున తగ్గకూడదని కిలోమీటరుకి మరో మీటరు కలుపుతారు. మన మేష్టారు ఆ గీత మీద వెళ్లడు. మంచినీళ్ల బల్లకోసారి, ఫొటో తీసేవాడికోసారి, తెలిసినవాళ్లు కనబడితే చెయ్యూపడానికోసారి రోడ్డుకి ఆ పక్కనుంచి ఈ పక్కకి పోతాడు. చివర్లో వాచీ 21.34 చూపిస్తుంది. నేను అడ్డదిడ్డంగా పరిగెత్తాను అనడు, దారి ఎక్కువ కొలిచారు అంటాడు.

ఇక్కడే ఈయన అసలు ప్రతిభ బయటపడుతుంది. మెరుగుదల పద్దు ఎలా నడుస్తుందో చూడండి. మొదటి హాఫ్ 2 గంటల 58 నిమిషాలు. మరుసటేడు 2.39. ఆ పైయేడు 2.31. కొత్తగా మొదలుపెట్టిన ఏ శరీరమైనా ఇలాగే కదులుతుంది. గుండె నేర్చుకుంటుంది, కాళ్లు నేర్చుకుంటాయి, పొట్ట కొంత కరుగుతుంది. మేష్టారు మాత్రం దాన్ని తన క్రమశిక్షణ కింద జమ వేసుకుంటాడు. ఆ తర్వాత 2.28.50. ఆ తర్వాత 2.28.11. అంటే ఏడాది పొడవునా తెల్లవారుజామున లేచి, బిరియానీ మాని, బావమరిది పెళ్లిలో తొమ్మిదింటికే పడుకుని సంపాదించింది ముప్పై తొమ్మిది సెకన్లు. మొదటి ఏడాది పందొమ్మిది నిమిషాలు తగ్గినప్పుడు వాట్సప్‌లో ఒక్క లైను రాశాడు. ముప్పై తొమ్మిది సెకన్లకి మూడు పేరాలు. సెకన్లు తగ్గేకొద్దీ వివరణ పెరుగుతుంది. ఇక టైము వెనక్కి పోయిన ఏడాది వివరణ ఒక గ్రంథమే. విశాఖ బీచ్ రోడ్డులో నేవీ వాళ్ల మారథాన్‌లో అయితే ఉక్కపోత, ఎదురుగాలి. ఆగస్టులో హైదరాబాదుకి పోతే ఫ్లైఓవర్లు. ఇక్కడే సాధనకి శ్రీకూర్మం దాకా వెళ్లొస్తే హాఫ్‌కి మించిన దూరమే. స్వామికి దణ్ణం పెట్టుకుని వేగం ప్రసాదించమంటాడు. ఆ దేవుడు తాబేలు అవతారమని ఆ క్షణంలో గుర్తుండదు.

నిజమైన ఆటకి ఈ వివరణలతో పని ఉండదు. పొరుగునే ఉన్న విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఉన్న 13.38 జాతీయ రికార్డుని అది దాటేసింది, కానీ లెక్కలోకి రాలేదు. వెనకనుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లు, అనుమతి 2 మీటర్లు. ఆ పదో వంతు మీటరు కోసం రికార్డు పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23కి పరిగెత్తి మళ్లీ సంపాదించుకుంది. ఆ నెల తిరక్కుండానే 13.11, 13.04. అక్టోబరుకి 12.82. 2023లో చెంగ్డూలో 12.78. మెరుగుదల పద్దు అంటే ఇదీ. వెనకనుంచి గాలి తోస్తే ఆమె లెక్కలోంచి తీసేశారు. మన మేష్టారికి వెనకనుంచి తోసే గాలి ఎప్పుడూ తగల్లేదు, జీవితంలో తగిలినవన్నీ ఎదురుగాలులే.

ఇంత వెటకారం దేనికి, మనిషి ఆరోగ్యం కోసం పాటుపడుతున్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆరోగ్యానికి కావలసిందెంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వారానికి 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది, లేదా 75 నిమిషాలు గట్టి కసరత్తు. ఆ కోటా మేష్టారికి ఆదివారం ఒక్క పూటలోనే తీరిపోతుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆయన చేసేదంతా చిట్టా కోసమే. ఇంట్లో చోడి అంబలి కాస్తామంటే వద్దని, చేతివేలంత పొట్లంలో జిగురులా ఉండే పాకాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రోడ్డు మీద చీకుతాడు. ఇదీ ఆరోగ్యం కోసమే అంటే మనం తలాడించాలి.

రెండో అభ్యంతరం గట్టిది, నవ్వి దాటెయ్యలేం. అదే తెల్లవారుజామున, అదే రోడ్ల మీద, ఊరి కుర్రాళ్లు కూడా పరిగెడుతుంటారు. ఆర్మీకో, పోలీసుకో. కొందరి కాళ్లకి చెప్పులు కూడా ఉండవు. ఆర్మీ ర్యాలీల్లో చాలా ఏళ్లు నడిచిన లెక్క ఇది: 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60కి 60 మార్కులు, అది దాటి 5.45 లోపు వస్తే 48, అదీ దాటితే ఇంటికే. మేష్టారు తన జీవితంలోకెల్లా మంచి వేగంతో ఆ దూరం వెళ్లడానికి పదకొండు నిమిషాలు దాటుతుంది. ఆ కుర్రాడికి ఒక్క సెకను తేడా అంటే ఇంట్లో అప్పు, చెల్లి పెళ్లి. మేష్టారికి ఒక్క సెకను తేడా అంటే స్టేటస్‌లో ఇంకో బొటనవేలు. కడుపు నిండిన పరుగు అని ఎవరైనా అంటే కాదనలేం. దానికి మేష్టారు మాత్రం ఏం చెయ్యాలి? మానేస్తే ఆ కుర్రాడికి సెకను కలిసిరాదు. దారిలో వాళ్లు కనబడితే వాచీ దించుకుని ఎడమకి తప్పుకుంటాడు. ఆ మాత్రం సిగ్గు ఉంది, అది ఆయన పక్షాన రాసుకోవాలి.

పరుగుల లెక్కకి మన ప్రాంతంలో ఇంకో పాత చిట్టా ఉంది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెనై ఇంగ్లండు వెళ్లాడు. ఆ పర్యటనలో ఉండగానే సర్ బిరుదు వచ్చింది. మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు, సగటు 8.25. ఎదుటి జట్టు కెప్టెన్‌కి బంగారు గడియారం బహుమతిచ్చి సులువైన బంతులు వేయించుకున్నాడని ఓ కథ కూడా ఉంది. కథ సంగతెలా ఉన్నా, కోట, పేరు, బిరుదు ఏవీ ఆ 33ని 34 చెయ్యలేకపోయాయి. శ్రీకాకుళంలో స్టేడియానికి పేరిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడుది ఇంకో దారి. గొలుసులు తెంచాడు, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు, పోయినేడాది కంటే ఎన్ని సెకన్లు ఎక్కువ నిలబెట్టానని రాసిపెట్టుకోలేదు. మన మేష్టారికి విజ్జీ బిరుదూ లేదు, రామ్మూర్తి గుండే లేదు. వాచీ ఎవరికీ బహుమతివ్వలేదు, తనే వాయిదాల్లో కొనుక్కుని దాని చేతిలోనే ఓడిపోతున్నాడు.

ఈ చిట్టా చివరికి నష్టంలోనే మూతపడుతుందని మేష్టారికి తెలుసు. ముప్పై దాటాక ఒంట్లో ప్రాణవాయువు వాడుకునే శక్తి పదేళ్లకి పదో వంతు చొప్పున తగ్గుతూ పోతుంది, సాధన చేస్తే ఆ జారుడు నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. యాభై అయిదో ఏట 2.28 మళ్లీ రాదు. అది తెలిసీ ఏ ఏడాది పద్దూ కొట్టెయ్యడు. వివరణ ఎంత పొడుగ్గా రాసినా దాని పైన టైము మాత్రం ఉన్నదున్నట్టు వేస్తాడు. ఊళ్లో అన్ని జమాఖర్చులూ ఇలాగే రాస్తారా అని అడిగితే చాలామంది నొచ్చుకుంటారు గనక ఆ ప్రశ్న వదిలేద్దాం. ఆయన్ని హాయిగా పరిగెత్తనివ్వండి. ముగ్గు గిన్నె కాస్త పక్కకి జరపండి. ఆదివారం పొద్దున్న ఎదురైతే మాత్రం మర్యాదకైనా "టైమెంతయింది మేష్టారూ?" అని అడక్కండి. రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు అంటాడు.