జీడిపాకానికి పటం తోడైతే

ఫాంటసీ నవలల వీరాభిమానిని ఎవరినైనా "ఫలానా పుస్తకం ఎలా ఉంది?" అని అడిగి చూడండి. బాగుందనో, బాలేదనో చెప్పడు. "మొదటి మూడు భాగాలూ ఓర్చుకోండి, నాలుగోదాంట్లో అందుకుంటుంది" అంటాడు. మూడు భాగాలంటే రెండు వేల పేజీల పైమాటే. అంత ఓర్పే ఉంటే హాయిగా సివిల్స్‌కి ప్రిపేర్ కావచ్చు.

ఈ పెద్దమనిషే హాల్లో అత్తగారు చూసే టీవీ సీరియల్ మీద జోకులేస్తాడు. జీడిపాకమట. ఒక్క చెంపదెబ్బకి కెమెరా ఇంటిల్లిపాది మొహాల మీదా మూడేసిసార్లు తిరుగుతుందట. తిరుగుతుంది, నిజమే. మరి తమరు కళ్లకద్దుకునే రాబర్ట్ జోర్డన్ 'ద వీల్ ఆఫ్ టైమ్' సంగతేమిటి? తొమ్మిదో సంపుటం చివర ఒక మహా మంత్రకార్యం జరుగుతుంది. 2003లో వచ్చిన పదో సంపుటంలో చాలా భాగం, ఆ వేళకి మిగతా పాత్రలు ఎక్కడెక్కడున్నాయో, దాన్ని చూసి ఎలా నివ్వెరపోయాయో చెప్పడంతోనే సరి. సీరియల్లో అయితే మధ్యలో సబ్బు ప్రకటనలైనా వచ్చేవి. జోర్డన్ కథలో నైనీవ్ అనే అమ్మాయి కోపమొచ్చినప్పుడల్లా జడ గుంజుకుంటుంది. ఆ జడ అన్నాళ్లు తట్టుకోవడాన్ని మించిన మాయ ఆ లోకంలో నాకు కనిపించలేదు.

1990లో మొదలైన ఆ కథ ముగియకుండానే 2007లో జోర్డన్ కన్నుమూశాడు. మిగిలింది ఒక్క సంపుటమే అన్నారు. బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత పూర్తిచేయబోతే ఆ ఒక్కటీ మూడయింది.

ఇంత సాగదీతేమిటని అడిగితే 'ప్రపంచ నిర్మాణం' అంటారు. ముందు ఒక పటం, వెనక వంశవృక్షాలు, మధ్యలో ఏ రాజ్యంలో ఏం వండుతారో వివరాలు. అన్నిటికీ ముందుతరం రచయిత టోల్కీన్‌ని అడ్డం పెట్టుకుంటారు. ఆయన పాపం తన కథని ఒకే పుస్తకంగా, పూర్తిగా రాసి మరీ అచ్చుకిచ్చాడు. యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో కాగితం ఖరీదు, పైగా అమ్ముడుపోతుందో లేదోనని ప్రచురణకర్తకి గుబులు. అందుకని 1954, 55లలో మూడు సంపుటాలుగా వచ్చింది. కాగితం ఖర్చుకి భయపడి చేసిన ఆ సర్దుబాటు తర్వాతి తరానికి శాస్త్రమై కూర్చుంది.

జార్జ్ మార్టిన్ కూడా తన ఫాంటసీ కథని మూడు సంపుటాలే అనుకుని మొదలుపెట్టాడు. 1996 నుంచి 2000 దాకా మొదటి మూడూ వచ్చాయి. గొప్పగా ఉన్నాయి కూడా. మూడోదాంట్లో ఒక పెళ్లి విందు ఘోరం చదివిన రాత్రి నాకు అన్నం సయించలేదు. కథ మాత్రం మూడుతో తెమల్లేదు. నాలుగోది 2005లో, ఐదోది 2011లో వచ్చాయి. ఆరోదానికి ఇంకా మోక్షం లేదు. అదే కథతో 2011లోనే మొదలైన టీవీ సీరియల్ 2019కల్లా ముగిసిపోయింది. ముగింపు బాలేదని లోకమంతా తిట్టింది, నేనూ తిట్టాను. కానీ ముగించారు! అత్తగారి పక్షాన ఈ పాయింటు రాసుకోవాలి.

ఆలస్యం గురించి 2009లో ఒక పాఠకుడు వాపోతే, మార్టిన్ మీకేం నౌకరు కాడని సాటి రచయిత నీల్ గెయిమన్ మందలించాడు. కాడు, ఒప్పుకున్నాం. ఒకటో భాగమని చెప్పి పూర్తి ధర పుచ్చుకునేటప్పుడు మాత్రం మేం అభిమాన దేవుళ్లం. తరువాయి ఏదీ అంటే జమీందార్లమైపోయామా?

క్లుప్తంగా చెప్పి ముగించినవాళ్లూ లేకపోలేదు. అర్సులా లె గ్విన్ 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' రాసింది. ఇంచుమించు రెండొందల పేజీలు. మేకలు కాసే కుర్రాడు మంత్రవిద్య నేర్చి, పొగరుకొద్దీ ఒక నీడని లోకం మీదికి వదిలి, దాని నుంచి పారిపోయి, చివరికి దాన్నే వేటాడే దాకా అంతా అందులోనే. పటమూ ఉంది. మన వీరాభిమాని చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, "ఇంత సన్నగా ఉందేం? పిల్లల పుస్తకమా?" అన్నాడు. అవును నాయనా, పిల్లల కోసమే రాసింది. కథ సగంలో ఆపేసి పడుకోమంటే వాళ్లు ఊరుకోరు.